పెట్టెలో ఉన్న పాటలు, చేతులు మారిన పాటలు

విజయవాడలోనూ చుట్టుపక్కల కృష్ణా డెల్టా ఊళ్లలోనూ అరుదైన పాటలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయంటే ఆ పుణ్యం చాలావరకు శ్రోతలదే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వోలేటి వేంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి వంటివారు ఆ స్టూడియోల్లో పాడారు, వాయించారు, బాణీలు కట్టారు. పొద్దున్నే భక్తిరంజని మోగని ఇల్లు డెల్టాలో అరుదుగా ఉండేది. ఆ సంగీతంలో చాలాభాగం ఏ కంపెనీ రికార్డుగానూ బయటికి రాలేదు. టేపు ఖరీదైన కాలంలో ప్రసారమైన టేపునే చెరిపి మళ్లీ వాడటం ప్రపంచమంతటా రేడియో సంస్థలకు అలవాటు. లండన్ బీబీసీ కూడా తన కార్యక్రమాలను ఎన్నింటినో అలాగే పోగొట్టుకుంది. గాలిలో కలిసిపోవలసినవాటిలో కొన్ని, ఎవరో ఒక రసికుడు రేడియో ముందు టేపు రికార్డరు పెట్టుకుని కూర్చున్నందువల్ల దక్కాయి.

దక్కినవాటిని ఏం చేయాలన్నదానిమీద రసికుల మధ్య పాత తగవు ఒకటుంది. ఉన్న ప్రతిని భద్రంగా దాచి, తెలిసినవారికే వినిపించాలని ఒక పక్షం అంటుంది. అడిగినవారికల్లా కాపీ ఇచ్చెయ్యాలని రెండో పక్షం వాదన. మొదటి పక్షాన ఇక్కడ మాట్లాడేది సత్యనారాయణపురంలో కాపురముంటూ స్పూలు టేపులు, గ్రామఫోను ప్లేట్లు పోగుచేసిన విశ్రాంత ఉపాధ్యాయుడు. రెండో పక్షాన మాట్లాడేది 1980లలో గవర్నరుపేటలో క్యాసెట్లు నింపే దుకాణం నడిపిన గుడివాడ మనిషి. వీరు ఫలానా వ్యక్తులు కారు. డెల్టాలో ఈ వాదం చేసే పలువురి మాటలను ఇద్దరి నోట పెట్టడమైంది.

సంగతి ప్లేట్లతో మొదలవుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డు లక్క కలిపి చేసినది. చేయి జారితే పగిలిపోతుంది. ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. కుక్క బొమ్మ వేసిన ఆ ప్లేట్లను కొని ఇంట్లో పెట్టుకోగలిగినవారు పల్లెల్లో బహు కొద్దిమంది. ఊళ్లో అసలైన భాండాగారం మైకుసెట్టు వాళ్ల రేకుపెట్టె. పెళ్లికీ తిరనాళ్లకీ శ్రీరామనవమి పందిరికీ చెట్టుకొమ్మకు బాకా కట్టి వాళ్లు వేసిన పాటలే ఊరు నేర్చుకునేది.

దుకాణదారు: "మాస్టారూ, మీ దగ్గరున్న ప్లేట్లు ఎక్కడివండీ? సగానికి సగం మైకుసెట్టు వాళ్ల దగ్గర కొన్నవే కదా. వాళ్లు దాచుకునుంటే మీకు దొరికేవా? ఊరంతటికీ వినిపించారు గనకే ఫలానా పాట ఫలానా వాళ్ల దగ్గరుందని మీకు తెలిసింది."

మాస్టారు: "వినిపించారయ్యా, కాదనను. అరగదీసిందీ వాళ్లే. ఉక్కుముల్లు ఒక్కో వైపుకి ఒకటి మార్చాలి. వాళ్లు ఒకే ముల్లుతో రాత్రంతా లాగించేవాళ్లు. మైలవరం నాటక సమాజంలో పేరు తెచ్చుకున్న కపిలవాయి రామనాథశాస్త్రి ప్లేటు ఒకటి నా దగ్గరుంది. పెడితే ఆయన గొంతు కంటే గరగరే ముందు వినపడుతుంది. అందరికీ అందించామంటున్నారే, చివరికి ఎవరికీ అందకుండా పోయింది."

మాస్టారి ఫిర్యాదు సరైనదే. అయినా అది ప్లేటుకు చెల్లుతుంది గానీ కాపీకి చెల్లదు. వాడేకొద్దీ అరిగేది అసలు ప్రతి. దాన్ని ఒక్కసారి జాగ్రత్తగా టేపుకెక్కిస్తే తర్వాత ఎందరు విన్నా ప్లేటు అరగదు. ఇంత తేలిక సంగతి చాలామంది సేకర్తలకు పట్టలేదు. పట్టినవారు గొప్ప పని చేశారు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వేల గ్రామఫోను రికార్డులు కూడబెట్టి, వాటి ఆధారంగా తెలుగు సినిమా పాట గురించి దశాబ్దాలపాటు రాశారు. 1990లో ముంబయిలో సేకర్తలు ఒక సంఘంగా ఏర్పడి తమ జాబితాలను ఒకరికొకరు ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. కంపెనీలు చెయ్యని పని ఇలాంటివారు చేశారు.

రేడియో టేపుల దగ్గరికి వచ్చేసరికి వాదం మరింత చిక్కనవుతుంది. మొదట్లో ఉన్నవి స్పూలు టేపు రికార్డర్లు. బరువైనవి, డబ్బున్నవారి ఇళ్లలోనే ఉండేవి. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్‌ను తెచ్చింది. అది మన మధ్యతరగతి ఇళ్లకు మామూలు వస్తువుగా చేరేసరికి 1980లు వచ్చాయి. ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం 1952లో మొదలైంది. శనివారం రాత్రి గంటన్నర కచేరీ. సి-90 క్యాసెట్‌లో వైపుకి నలభై అయిదు నిమిషాలు. రెండు వైపులూ కలిపితే సరిగ్గా సరిపోయేది, క్యాసెట్ తిప్పే క్షణంలో జారిపోయిన నాలుగు ఆవర్తాలు తప్ప. ఆ నాలుగు ఆవర్తాలు దొరుకుతాయేమోనని మరో ఊళ్లో అదే రాత్రి రికార్డు చేసినవారి కోసం వెతకడం ఈ రసికులకు పెద్ద పని. ఇచ్చిపుచ్చుకోవడం చాలామందికి ఇలాంటి అవసరంతోనే మొదలైంది.

ఇక్కడ వోలేటి వేంకటేశ్వర్లు సంగతి తలచుకోక తప్పదు. శ్రీపాద పినాకపాణి శిష్యుడు, విజయవాడ కేంద్రంలో ఉద్యోగి, సంగీత శిక్షణ కార్యక్రమం ద్వారా ఇంట్లో కూర్చున్నవారికి కృతులు నేర్పిన గురువు. 1989లో కన్నుమూశారు. కంపెనీలు వేసిన ఆయన రికార్డులు బహు తక్కువ. అయినా ఇవాళ ఇరవై ఏళ్ల గాత్ర విద్యార్థి వోలేటి ఆలాపనలో పోకడ ఎలాంటిదో చెప్పగలుగుతున్నాడంటే, అది చాలావరకు రసికులు ఇళ్లలో పట్టిన టేపుల వల్ల, వాటి కాపీల కాపీల వల్ల.

మాస్టారు: "అదే నా బాధ కూడా. కాపీకి కాపీ తీసిన కొద్దీ బుసబుస పెరుగుతుంది. నాలుగో చేతికి వచ్చేసరికి తంబురా వినపడదు, మృదంగం డబ్బా అయిపోతుంది. విన్నవాడు వోలేటి అంటే ఇంతేనా అనుకుంటాడు. ఆయన పరువు తీసినవాళ్లమవుతాం. పైగా సంగీతం గురుముఖతః రావాల్సిన విద్య. త్యాగరాజ స్వామి నుంచి మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారికీ, ఆయన నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారికీ, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికీ, పంతులుగారి నుంచి బాలమురళికీ వచ్చింది. మధ్యలో టేపు ఎక్కడుందయ్యా?"

దుకాణదారు: "ఆ వరసలో చోటు దొరకని పిల్లల సంగతేంటండీ మరి? అవనిగడ్డలోనో కైకలూరులోనో ఉన్న పిల్లవాడికి పంతులుగారు ఎక్కడినుంచి వస్తారు? రేడియోలో సంగీత శిక్షణ వాడికోసం పెట్టిందే కదా. ఆ పాఠం రేడియోలో వారానికోసారి వస్తుంది, క్యాసెట్‌లో రోజుకి పదిసార్లు వస్తుంది. గురువు కావాల్సిందే. గురువు దొరికేదాకా చెవి ఖాళీగా ఉండకూడదు కదండీ. బుసబుస అంటారా, మీరు మొదటి కాపీ ఇస్తే నాలుగో చేతి కాపీ ఎవరికి కావాలి?"

చివరి మాటకు మాస్టారి దగ్గర జవాబు ఉండదు. మంచి ప్రతి పెట్టెలో ఉండిపోయినప్పుడే చెడ్డ ప్రతి ఊరేగుతుంది. కాపీల నాణ్యత పడిపోవడానికి ఇచ్చేవారి కంటే ఇవ్వనివారే ఎక్కువ కారణం.

విజయవాడ క్యాసెట్ దుకాణాల పని కూడా కొంచెం వివరంగా చెప్పుకోదగ్గది. ఆ తరం పోయాక దాని గురించి రాసినవారు తక్కువ. దుకాణంలో ప్లేట్లు, ఎల్పీ రికార్డులు, కంపెనీ క్యాసెట్లు ఉండేవి. వాటి జాబితా ఒక పెద్ద రిజిస్టరులో ఉండేది. వచ్చినవాడు నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద పాటలు రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వెళ్లేవాడు. రెండు మూడు రోజుల తర్వాత వచ్చి తీసుకునేవాడు. సినిమా పాట సుమారు మూడున్నర నిమిషాలు కాబట్టి సి-60లో వైపుకి ఎనిమిది, సి-90లో పన్నెండు పట్టేవి. పాట మధ్యలో టేపు అయిపోవడం దుకాణదారుకు తలవంపులు. అందుకని గడియారం చూసుకుంటూ వరుస మార్చేవారు. ఒక్కోసారి చివర రెండు మూడు నిమిషాలు మిగిలేవి. ఆ ఖాళీలో దుకాణదారు తనకు నచ్చిన పాట ఒకటి ఎక్కించేవాడు.

దుకాణదారు: "ఆ చివరి పాటే నా సంతకం అండీ. ఘంటసాల పాటలు రాసుకొచ్చినవాడికి చివర్లో రజనీగారి లలితగీతం వేసేవాణ్ణి. పెండ్యాల పాటలు కావాలన్నవాడికి సాలూరి రాజేశ్వరరావు పాట ఒకటి తగిలించేవాణ్ణి. వారం తిరిగేసరికి వచ్చి, ఆ చివరిది ఎవరిదండీ, అలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగేవాళ్లు. సగంమందికి లలితసంగీతం తెలిసింది అలాగే."

మాస్టారు: "కచేరీలో ఉన్న వరస ఊరికే రాలేదయ్యా. వర్ణంతో మొదలుపెట్టి మంగళంతో ముగించడానికి ఒక లెక్కుంది. నువ్వు కల్యాణి రాగం పాటలన్నీ ఒక పక్కకి దూర్చేసి, మధ్యలో కృతి ఒకటి కోసి పెట్టి, దానికి నీ పేరు రాసుకుంటావు. పల్లవి పాడి అనుపల్లవి ఎగ్గొట్టిన కచేరీ ఎక్కడైనా ఉందా?"

దుకాణదారు: "కోసింది తప్పే, ఒప్పుకుంటాను. అయినా కల్యాణి ఇదీ అని సినిమా పాటల్లో పట్టుకున్నవాడే తర్వాత కచేరీకి వచ్చి కూర్చున్నాడు మాస్టారూ. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మీ వెనక వరసలో కూర్చున్నవాళ్లని అడగండి."

ఈ భాగంలో మాస్టారి పట్టుదల కాస్త ఎక్కువే. ఇంట్లో తయారుచేసిన కూర్పు కచేరీకి బదులు కాదు, అలా ఎవరూ చెప్పుకోలేదు. ఒక మనిషి ఇంకో మనిషికి ఇది విను అని వేలు పెట్టి చూపించడమే దాని పని. కృతిని ముక్క చేయకుండా ఉంటే చాలు, వరుస ఎవరి ఇష్టం వారిది.

పద్యనాటకం దగ్గర తగవు తలకిందులవుతుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్ర డెల్టా జనానికి నోటికి వచ్చిన నాటకాలు. డి.వి. సుబ్బారావు కాటిసీను క్యాసెట్‌గా ఊరూరా అమ్ముడుపోయింది, టీకొట్టు దగ్గర నుంచి రిక్షా స్టాండు దాకా మోగింది. అయితే స్టేజీ మీద పద్యం ఏ రాత్రికి ఆ రాత్రి వేరు. జనం వన్స్ మోర్ అన్నప్పుడు అదే పద్యానికి నటుడు రాగం మార్చేవాడు, ఆలాపన పెంచేవాడు, హార్మోనియం వాయించేవాడు ఒక దెబ్బ అదనంగా వేసేవాడు. అలాంటి రాత్రిని ఎవరైనా టేపు రికార్డరు పెట్టి పట్టి ఉంటే, ఆ పట్టిన టేపు ఒక్కటే ఆధారం. కంపెనీ క్యాసెట్‌లో ఉన్నది స్టూడియోలో గడియారం చూసుకుని పాడినది. జనం కేకలు, ఈలలు, పద్యం ఆగి మళ్లీ ఎత్తుకోవడం అందులో ఉండవు.

ఇక్కడ దాచాలన్న మాస్టారే పంచమంటారు, పంచాలన్న దుకాణదారు వెనకాడతాడు.

దుకాణదారు: "నటుడు ఆ రాత్రి గొంతు బాగోలేక పాడుంటాడు. పద్యం తప్పుంటాడు. అది ఊరంతా తిరిగితే ఆయన పిల్లలకి బాధ కదండీ. అమ్మకానికి పాడింది వేరు, అనుకోకుండా దొరికింది వేరు."

మాస్టారు: "తప్పిన పద్యం తీసెయ్. మిగతాది దాచడానికి నువ్వెవరు, నేనెవరు? పందిట్లో అంతమంది విన్నదే కదా. ఆ రాగాలాపన పోతే మళ్లీ కట్టేవాడు లేడయ్యా."

ఇద్దరి మాటలూ కలిపితే ఒక పద్ధతి తయారవుతుంది. నలుగురిలో పాడినది నలుగురిదీ. ఇంట్లో పాఠం చెబుతూనో, సాధన చేస్తూనో, ఎవరో రికార్డు చేస్తున్నారని తెలియకుండానో పాడినదైతే, పాడినవారినో వారి కుటుంబాన్నో అడగాలి. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1984 నుంచి కచేరీలో రికార్డు చేసుకునేవారికి విడిగా చోటు కేటాయించింది. ఆ టేపులను అమ్మడం కాదు, మార్చుకోవడం మాత్రమే అక్కడి మర్యాద. అడిగి తీసుకోవడం, డబ్బుకు అమ్మకపోవడం అనే ఆ రెండు కట్టుబాట్లు మన దగ్గరా నిలబడతాయి.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకుని ఉండాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం విడుదలైన ధ్వనిముద్రణ మీద హక్కు 60 ఏళ్లు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి నుంచి లెక్క. 1965లోనూ అంతకు ముందూ విడుదలైన రికార్డుల మీద ఆ హక్కు 2025తో తీరిపోయింది. రికార్డు వేరు, అందులోని రచన, బాణీ వేరు. వాటి హక్కు కర్త మరణించాక మరో 60 ఏళ్లు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. త్యాగరాజ కృతులకు అలాంటి హద్దు లేదు. ప్రసారం మీద రేడియో సంస్థ హక్కు 25 ఏళ్లు, ప్రదర్శన మీద కళాకారుల హక్కు 50 ఏళ్లు. సొంతంగా వినడానికీ పరిశోధనకూ న్యాయమైన వాడకాన్ని చట్టం అనుమతిస్తుంది. దుకాణం పెట్టి నింపి అమ్మడం ఆ కోవలోకి రాదు. గవర్నరుపేట దుకాణాల వ్యాపారం చట్టం ముందు నిలిచేది కాదని ఒప్పుకోవాలి. అవి చేసిన మేలు మాత్రం నిజం.

కాపీ తీసేటప్పుడు శ్రుతి విషయంలో మాస్టారి మాట ప్రతి ఒక్కరూ వినాలి. పాత ప్లేట్లన్నీ సరిగ్గా 78 చుట్లతో కోసినవి కావు, కాస్త అటూ ఇటూ ఉంటాయి. బ్యాటరీలు నీరసించిన టేపు రికార్డరులో పట్టిన కచేరీ, మామూలు వేగంలో వింటే పరుగెత్తుతుంది. అరస్వరం తేడా రావడానికి వేగంలో సుమారు 6 శాతం మార్పు చాలు. ఒకటిన్నర శ్రుతిలో పాడిన గాయకుడు రెండు శ్రుతిలో పాడినట్టు వినిపిస్తాడు, గొంతు పలచబడుతుంది.

మాస్టారు: "హార్మోనియం పక్కన పెట్టుకుని, ఆయన మామూలుగా ఏ శ్రుతికి పాడతారో చూసుకుని వేగం సరిచెయ్యాలి. హెడ్డు స్పిరిట్‌తో తుడవాలి. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పితే మూసుకుపోయిన గొంతు విచ్చుకుంటుంది. ఆ పైన కంప్యూటర్‌లో బుసబుస తీసేస్తామని గమకాలు కూడా తీసేస్తున్నారు. శుభ్రం చేసిన కాపీ ఒకటి, ఉన్నదున్నట్టు ఇంకోటి, రెండూ ఉంచాలయ్యా."

దుకాణదారు ఒప్పుకుంటాడు. ఎంపీ3 చేసి అసలు టేపు పారేసినవారు ఎందరో ఉన్నారు. ఎంపీ3లో వదిలేసిన ధ్వని తిరిగిరాదు. వేవ్ గానో ఫ్లాక్ గానో ఒక ప్రతి ఉంచుకుని, చేతులు మార్చడానికి చిన్న ప్రతి తీసుకోవచ్చు.

దాచడం క్షేమం అన్న వాదన ఈ నేల మీద మాత్రం అస్సలు నిలవదు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వానాకాలం రెండు గడిచేసరికి టేపుకు బూజు పడుతుంది. పాత స్పూలు టేపులు కొన్ని పుల్లటి వాసన కొట్టి పెళుసుబారతాయి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది, ఊళ్లకు ఊళ్లు ఊడ్చేసింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు విజయవాడ రోజుల తరబడి నీళ్లలో ఉంది. మంచం కింద రేకుపెట్టెలో పెట్టిన టేపు అలాంటి నీటికి ఆగదు. ఒకే ఇంట్లో ఉన్న ఒకే ఒక ప్రతిని భద్రమనడం కుదరదు.

దుకాణదారు: "గుడివాడలో ఒకటి, హైదరాబాదులో మీ అమ్మాయి దగ్గర ఒకటి, అమెరికాలో మీ శిష్యుడి దగ్గర ఒకటి ఉంటే, ఏ వరదా ఏమీ చెయ్యలేదు మాస్టారూ."

మాస్టారు: "ఇస్తాను. ఇచ్చేముందు ఒక మాట అడుగుతాను. కాగితం రాస్తావా?"

మాస్టారు అడిగిన ఆ కాగితమే అన్నిటికంటే ముఖ్యమైనది. రేడియోలో కచేరీకి ముందు అనౌన్సరు గాయకుడి పేరు, పక్కవాద్యాలవారి పేర్లు, కృతి, రాగం, తాళం, కర్త చెబుతారు. టేపు వృథా అవుతుందని చాలామంది ఆ మాటలు అయ్యేదాకా ఆగి అప్పుడు బటన్ నొక్కారు. దుకాణాలు చేసిన పెద్ద నష్టం కూడా అదే. పాట ఎక్కింది, పేరు ఎక్కలేదు. ఫలితంగా వయొలిన్ వాయించినది ఎవరో తెలియని కచేరీలు, ఒకరి పద్యానికి మరొకరి పేరు తగిలించిన కాపీలు, తప్పు రాగం పేరుతో వేల ఫోన్లలోకి పోయిన పాటలు మిగిలాయి. ఒకసారి తప్పు పేరు అతుక్కున్నాక దాన్ని విప్పడం బూజు పట్టిన టేపును బాగుచెయ్యడం కంటే కష్టం. పంచడం గురించిన వాదంలో దుకాణదారుదే పైచేయి. పేరు చీటీ గురించిన వాదంలో మాస్టారికి ఎదురు చెప్పగలవారు లేరు.

ఇంట్లో పాత క్యాసెట్లు, స్పూళ్లు, ప్లేట్లు ఉన్నవారు వాటిని పాత సామాన్లవాడికి వేసే ముందు పైనున్న రాత చదవాలి. చేత్తో రాసిన తేదీ, ఆకాశవాణి అన్న మాట, పెళ్లి కచేరీ అన్న మాట కనిపిస్తే పక్కన పెట్టాలి. మార్కెట్లో దొరికే సినిమా పాటల క్యాసెట్ పోయినా ఫరవాలేదు, చేత్తో రాసిన చీటీ ఉన్నది పోకూడదు. బూజు కనిపిస్తే మామూలు ప్లేయరులో పెట్టవద్దు. పెట్టెలో చీటీ లేకపోతే తాతగారినో మేనత్తనో అడిగి, ఎవరు పాడారో, ఎక్కడో, ఏ సంవత్సరమో, పక్కన ఎవరు వాయించారో తెలిసినంతవరకు ఇవాళే రాయండి. తెలియనిది ఊహించి నింపవద్దు, ఖాళీగా వదిలెయ్యండి. ఆ చీటీతో పాటు కాపీ ఒకటి తీసి, ఊరవతల ఉన్న ఇంకొకరికి ఇవ్వండి.